గోదావరి గట్ల మీద సైకిల్ యాత్ర: ఏ దిక్కుగా తొక్కాలి, ఎవరికి దారివ్వాలి

కోనసీమలో కొండ లేదు. అయినా మౌంటెన్ బైక్‌కి ఇక్కడ చేతినిండా పనుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలిన దగ్గర్నుంచి సముద్రం దాకా కాలువ గట్లు, ఏటిగట్లు, చేల మధ్య పుంతలు. సగం తారు, సగం మట్టి. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: ఈ గట్లు నీళ్ళ కోసం పోసినవి. రైతు, గేదె, ట్రాక్టరు, రేవుకెళ్ళే ఆడవాళ్ళు మనకన్నా ముందునుంచీ నడుస్తున్న దారులివి. చాలాచోట్ల వెడల్పు ఒక్క ట్రాక్టరుకే సరిపోతుంది. అందుకని బస ఎక్కడా అని చూసుకోవడానికి ముందే ఏ దిక్కుగా వెళ్ళాలో, ఎదురొచ్చినవాళ్ళకి ఎలా దారివ్వాలో అనుకుని బయల్దేరాలి.

దిక్కు సంగతి. పొద్దున్న దిగువకి, మధ్యాహ్నం దాటాక ఎగువకి. ఎండెక్కాక సముద్రం మీంచి గాలి లోపలికి తిరుగుతుంది. అప్పుడు అంతర్వేది వైపు తొక్కితే చదును దారి కూడా ఎత్తెక్కినట్టే ఉంటుంది. అదే గాలి వీపున పడితే వచ్చేటప్పుడు కాళ్ళకి సగం పని తగ్గుతుంది. ఎండ కూడా చూసుకోవాలి. రావులపాలెం నుంచి అమలాపురం ఆగ్నేయంగా ఉంటుంది కాబట్టి చలికాలం ఏడూ ఎనిమిది మధ్య సూర్యుడు దాదాపు ఎదురుగానే ఉంటాడు. మంచు విడుతున్న వేళ ఆ వెలుగులో ఎదురొచ్చే గడ్డిమోపు కూడా ఆనదు. అదే సమయానికి పి.గన్నవరం వైపు దిగితే కళ్ళకి కాస్త సుఖం. జట్టుగా వెళ్ళేవాళ్ళు రెండు ముక్కలై ఒకరికొకరు ఎదురు తొక్కడం మాత్రం వద్దు. అందరూ ఒకే దిక్కు, ఒకరి వెనక ఒకరు, నలుగురికి మించకుండా, మధ్యలో రెండు సైకిళ్ళ ఎడం. ఎనిమిది మంది ఉంటే రెండు జట్లుగా పావుగంట తేడాతో బయల్దేరాలి.

కొండదారుల్లో ప్రపంచమంతా పాటించే మర్యాద ఒకటుంది: దిగేవాడు ఆగాలి, ఎక్కేవాడికి దారివ్వాలి. ఎక్కేవాడు ఒకసారి ఆగితే మళ్ళీ ఊపందుకోవడం కష్టం కనక. డెల్టాలో ఈ సూత్రానికి చోటు ఏటిగట్టు ర్యాంపు. 1986 వరద తర్వాత ఏటిగట్లని ఎత్తు చేశారు. ఊళ్ళోంచి గట్టెక్కే ర్యాంపులు చాలావరకు పొట్టిగా, నిటారుగా ఉంటాయి. కొబ్బరికాయల బస్తాలతో ఒకాయన సైకిల్ నెట్టుకుంటూ సగం ఎక్కాక పైనుంచి మనం దూసుకొస్తే ఆయన ఆగలేడు, వెనక్కి జారతాడు. గట్టు మీదే కాలు కింద పెట్టి, కిందికి చూసి, ర్యాంపు ఖాళీ అయ్యాకే దిగాలి. లంకల్లోంచి కూరగాయలు పైకొచ్చే పొద్దుటి పూట ఇది మరీ ముఖ్యం.

తక్కిన గట్టంతా చదునే కనక అక్కడ ప్రశ్న వేరు: ఆగాల్సొస్తే ఏ పక్కన ఆగాలి? మన దేశంలో ఎడమ పక్కన నడవడం అలవాటు కాబట్టి చాలామంది చూసుకోకుండా ఎడమకి తప్పుకుంటారు. కుడిగట్టు మీద దిగువకి వెళ్తుంటే ఎడమ పక్కన ఉండేది కాలువ. నీటి అంచున నిలబడకూడదు. దాళ్వాలో, అంటే రెండో పంట కాలంలో, నీళ్ళు వంతులవారీగా వదులుతారు. మట్టం పెరిగి తగ్గినప్పుడల్లా నానిన అంచు లోపల గుల్లవుతుంది. పీతల బొరియలు, ఎలుక కన్నాలు దానికి తోడు. పైన పచ్చగడ్డి, కింద ఏమీ ఉండదు. కాబట్టి దూరం నుంచే ఎదుటివాళ్ళకి చేత్తో చూపించి, సైకిల్ దిగి, చేల వైపుకి జరగాలి. గేదెల మందకయితే ఇది తప్పనిసరి. గేదె నీళ్ళలోకి దిగాలనుకుంటే మధ్యలో సైకిలున్నా ఆగదు. కాపరిని "బాబాయ్, పోనిమ్మంటారా, ఆగమంటారా?" అని ఒక్క మాట అడిగితే ఆయనే దారి చెబుతారు. సైకిల్ బెల్లు ముప్పై నలభై అడుగుల దూరంలో ఒక్కసారి కొడితే చాలు. దగ్గరికొచ్చి ఆపకుండా మోగిస్తే దూడలు బెదిరి అడ్డంగా పడతాయి.

బాతుల మంద వేరు కథ. కోతలయ్యాక రాలిన గింజల కోసం చేలల్లో తిప్పే మందలు గట్టు దాటుతుంటాయి. ముందున్న వరస అవతలి బోదెలోకి, అంటే చిన్న కాలువలోకి, దిగాక తక్కినవన్నీ దాని వెంటే తాడు పట్టి లాగినట్టు వెళ్తాయి. ఆ తాడు మధ్యలో చక్రం పెడితే సగం మంద వెనక్కి తిరుగుతుంది, దాన్ని మళ్ళీ కూడగట్టడానికి కాపరికి అరగంట పడుతుంది. చివరి బాతు దాటేదాకా సైకిల్ దిగి నిలబడండి. కోతల రోజుల్లో తారు గట్టు మీద సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది. దాని మీంచి తొక్కకూడదు, అది వాళ్ళ పంట. పైగా ఎండిన గింజల మీద టైరు గోలీల మీద పడ్డట్టు జారుతుంది. రేవుల దగ్గర ఆగడం, ఫోటోలు తీయడం వద్దు. రొయ్యల చెరువుల గట్ల మీదకి అసలే వెళ్ళొద్దు. అవి సొంత గట్లు. పీతలు రాకుండా కట్టిన వలలు, ఏరేటర్ల కరెంటు వైర్లు నేల మీదే ఉంటాయి. ఒక చెరువు బురద టైరుకి అంటుకుని ఇంకో చెరువుకి రోగం మోసుకెళ్తుందని రైతుల భయం, ఆ భయం సబబే.

ఇక దారులు. ధవళేశ్వరం నుంచి పిచ్చుకలంక మీదుగా బొబ్బర్లంక చేరే బ్యారేజీ రోడ్డు చూడ్డానికి గొప్పది, తొక్కడానికి ఇరుకు. బస్సులు, లారీలు మొదలవకముందే, తెల్లవారుజామునే దాటేయాలి. బొబ్బర్లంక, ఆత్రేయపురం, లొల్ల లాకులు, రావులపాలెం: మొదటిసారి వచ్చేవాళ్ళకి మేం చెప్పేది ఈ దారే. కాలువ వెంబడే నీడ, టీ కొట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. పూతరేకులు కొంటే గట్టి డబ్బాలో పెట్టించుకోండి, లేకపోతే మట్టిరోడ్డు కుదుపుకి సంచిలో పొడే మిగులుతుంది. సెలవు రోజుల్లో లాకుల దగ్గర జనం ఎక్కువ, అక్కడ నడిపించుకెళ్ళడమే మేలు. రెండోది రావులపాలెం, పి.గన్నవరం, రాజోలు, దిండి. గన్నవరం అక్విడక్టు దగ్గర కింద గోదావరి పాయ వైనతేయ, పైన వంతెన మీద కాలువ. ఆ దృశ్యం కోసమే ఈ దారి. అక్విడక్టు మీద ముందు వెళ్ళేవాళ్ళని దాటకూడదు, ఫోటో కావాలంటే అవతలికి వెళ్ళి తీసుకోవాలి. గౌతమి ఏటిగట్టు ఖాళీగా, ప్రశాంతంగా ఉంటుంది గానీ నీడ తక్కువ, కొట్లు తక్కువ. మనిషికి 3 లీటర్ల నీళ్ళు లేకుండా ఎక్కొద్దు. కనుమ రోజున అంబాజీపేట చుట్టుపక్కల గట్లు, చేలు జగ్గన్నతోట ప్రభల ఊరేగింపువి, ఆ రోజు సైకిల్ బసలోనే ఉంచాలి. భీష్మ ఏకాదశి ముందూ వెనకా అంతర్వేది వైపు కూడా అంతే. వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక పనుల లారీలు, దుమ్ము. వరదల నెలల్లో ఒండ్రు బురద. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరిదాకా బాగుంటుంది.

ఆ బురద సంగతి కొంచెం చెప్పాలి. ఒండ్రుమట్టి తడిస్తే టైరుకీ ఫోర్కుకీ మధ్య పొరలు పొరలుగా చేరి చక్రాన్ని బిగదీస్తుంది. బలంగా తొక్కితే మొదట వంగేది వెనక గేర్ల హ్యాంగర్, అంటే గేర్లని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క. అది ఒక్కో సైకిల్‌కి ఒక్కో రకం, పల్లెలో దొరకదు, మీదే ఒకటి వెంట ఉండాలి. బురద గీకడానికి ఇనుప ముక్క వాడితే గొలుసు పాడవుతుంది. ఎండు కొబ్బరాకు ఈనె ఒకటి తీసుకుని పళ్ళచక్రాల మధ్య దూర్చి తిప్పితే ముద్దలు ముద్దలుగా ఊడొస్తుంది. ఊరి పంచర్ షాపుల్లో అతుకు వేయడం, చక్రం వంకర తీయడం చక్కగా చేస్తారు. డిస్క్ బ్రేకులు, గేర్లు మాత్రం రాజమండ్రిలోనో కాకినాడలోనో చూపించుకోవాలి. వాల్వు సన్నమూతి ప్రెస్టా రకమైతే ఇత్తడి అడాప్టరు లేనిదే ఊరి షాపుల్లో గాలి పట్టదు. కంప్రెసర్‌తో ఆగి ఆగి పెట్టమనండి, సైకిల్ ట్యూబు రెండు మూడు సెకన్లలోనే రాయిలా అయిపోతుంది. 70 కిలోల మనిషికి, 2.1 అంగుళాల టైరుకి గాలి ఒత్తిడి మట్టి మీద 30 పీఎస్‌ఐ, తారు మీద 40. తుమ్మముల్లు గుచ్చుకుంటే ట్యూబు మార్చే ముందు టైరు లోపల గుడ్డతో తడిమి ముల్లు మొన తీసేయాలి, లేదంటే కొత్త ట్యూబు ఫర్లాంగు కూడా రాదు.

బసలకొస్తే, రావులపాలెం లాడ్జీలు రెండు దారులకీ మధ్యలో ఉంటాయి, కానీ హైవే రొద. దిండిలో వశిష్ఠ ఒడ్డున టూరిజం వాళ్ళ రిసార్టు ఉంది, హౌస్‌బోట్లూ ఉన్నాయి. సైకిల్ ఉన్నవాళ్ళకి బోటు కన్నా గదే నయం: కడగడానికి పంపు, ఆరబెట్టడానికి చోటు కావాలి కదా. ఎక్కడైనా అడ్వాన్సు ఇచ్చే ముందే "సైకిల్ గదిలో పెట్టుకోవచ్చాండీ?" అని అడిగి ఖాయం చేసుకోవాలి. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి ఏరు దాటించే పంటు (బల్లకట్టు) ఎక్కేటప్పుడు మోటారు సైకిళ్ళన్నీ ఎక్కాక చివర ఎక్కి, గేర్లున్న కుడి పక్క రెయిలింగు వైపు పెట్టి, బ్రేకు పట్టుకుని నిలబడండి. అంతర్వేది ఇసుకలో తిరిగిన రోజు రాత్రే మంచినీళ్ళతో కడిగి, తుడిచి, గొలుసుకి లింకుకో చుక్క నూనె వేయాలి. తెల్లారేదాకా ఆగితే ఉప్పుగాలికి గొలుసు ఎర్రబడిపోతుంది.