పోచంపల్లి దారిలో మహిళా సంఘం చేనేత దుకాణం: రెండు నెలల వాడకం తరువాత

భూదాన్ పోచంపల్లికి వెళ్లే దారిలో, చుట్టుపక్కల గ్రామాల పొదుపు సంఘాల మహిళలు కలిసి నడుపుకుంటున్న ఒక చిన్న చేనేత దుకాణం ఉంది. రెండు నెలల క్రితం అక్కడ ఒక నూలు చున్నీ, రెండు దిండు గలీబులు, ఒక చేతిసంచి కొన్నాను. చున్నీ 1,150 రూపాయలు, గలీబులు ఒక్కొక్కటి 325, సంచి 500. వాటిని ఉతికి, వాడి, మంచిచెడులు తెలుసుకున్న తరువాతే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

దుకాణం ఒకే గది. వెనుక వరండాలో నాలుగు కుట్టు మిషన్లు, వాటి పక్కన గోడకు ఆనించిన ఒక ఆసు, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి వరుసగా పోసే చట్రం. నన్ను మొదట ఆకట్టుకున్నది బట్ట కాదు, ప్రతి వస్తువుకూ దారంతో కట్టిన చేతిరాత చీటీ. ధర ఒక్కటే రాసి ఊరుకోకుండా నూలు, రంగులకు ఎంత, ఆసు పనికి, చిటికి (డిజైను కోసం, రంగు వేసే ముందు దారాన్ని అక్కడక్కడ బిగించి కట్టడం) పనికి ఎంత, నేతకు ఎంత, సంఘం ఖర్చులకు ఎంత అన్నది విడివిడిగా రాస్తారు. నా చున్నీ చీటీలో ఆసు, చిటికిల కింద 210 రూపాయలు ఉంది.

ఆ ఒక్క వరుస ఎందుకు అంత ముఖ్యమో ఉమ్మడి నల్లగొండ జిల్లా నేతన్నల ఇళ్లు చూసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. మగ్గం మీద కూర్చున్నవాడే నేతగాడిగా లెక్కలోకి వస్తాడు. ఆసు పోసేది, చిటికి కట్టేది, కండెలు చుట్టేది చాలావరకు ఆ ఇంటి ఆడవాళ్లే అయినా కూలి మాత్రం మగ్గానికి ఒక్కటిగానే వస్తుంది. ఒక చీరకు సరిపడా ఆసు పోయాలంటే అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని తిప్పుతూ చేతిని దాదాపు 9,000 సార్లు ఆడించాలి, దానికి నాలుగైదు గంటలు పడుతుంది. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేశారని, దానికి అమ్మ పేరే పెట్టారని, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చిందని మనకు తెలుసు. యంత్రం నొప్పిని తగ్గించింది, కానీ ఆ పనికి వేరుగా విలువ కట్టడమన్నది యంత్రం చేసే పని కాదు. దుకాణంలో కూర్చున్న ఆమెను అడిగితే చెప్పింది: "మా అత్త నలభై ఏండ్లు ఆసు పోసిందక్కా, ఒక్క రూపాయి ఆమె చేతికి రాలే. ఇప్పుడు నేను పోసిన ఆసు పైసలు నా ఖాతాలనే పడుతున్నయ్."

పది నుంచి పదిహేను మంది ఉండే పొదుపు సంఘాలు గ్రామ సమాఖ్యగా, అవన్నీ కలిసి మండల సమాఖ్యగా ఏర్పడిన సంగతి మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. ఈ దుకాణం వారు సంఘం ద్వారా తీసుకున్న బ్యాంకు అప్పుతో నూలు తామే కొంటున్నారు. పడుగు (నిలువు దారాలు) మగ్గమెక్కిన నాటి నుంచి బట్ట అమ్ముడుపోయే వరకు డబ్బు అందులోనే చిక్కుకొని ఉంటుంది కనుక, పెట్టుబడి లేని కుటుంబం నూలిచ్చిన షావుకారుకే, అతడు చెప్పిన ధరకే బట్ట అప్పగించవలసి వస్తుంది. సొంతంగా నూలు కొనగలగడమే ఈ మహిళలకు దక్కిన అసలైన బలమని నా అభిప్రాయం.

ఇక వస్తువుల సంగతి. చున్నీ మచ్చుకైనా వంక పెట్టలేని బట్ట. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చినా, ఆ డిజైన్లను మిల్లు బట్ట మీద అచ్చువేసి అదే పేరుతో అమ్మేవారికి కొదవ లేదు. నగరంలోని ఒక పెద్ద దుకాణంలో నేనూ అలా మోసపోయాను. అసలుదాన్ని గుర్తించడం కష్టమేమీ కాదు. దారానికే ముందుగా రంగు వేసి ఆ తరువాత నేస్తారు కనుక ఇక్కత్ బట్టకు వెనుకవైపు కూడా ముందువైపులాగే నిండుగా రంగు ఉంటుంది, పువ్వుల అంచులు గీత గీసినట్లు కాకుండా నీళ్లలో తడిసినట్లు కొద్దిగా చెదిరి ఉంటాయి. నా చున్నీ కొంగు దగ్గర ఒక గడి జొన్నగింజంత పక్కకు జరిగింది. అక్కడ చిటికి కట్టు కొంచెం వదులైందని ఆమె తానే చూపించి, వద్దనుకుంటే మరొకటి తీసుకోమన్నది. నేను దాన్నే తెచ్చుకున్నాను. మొదటి ఉతుకులో ఎరుపు కొద్దిగా దిగింది కానీ తెలుపుకు అంటలేదు; ఆ తరువాత రంగు దిగలేదు, బట్ట మెత్తబడింది కూడా. ఉప్పు కలిపిన చల్లటి నీళ్లలో వేరుగా ఉతికి నీడన ఆరవేస్తే చాలు.

గలీబులు బాగున్నాయి, కాకపోతే పదహారు అంగుళాల కొలతలోనే దొరుకుతాయి.

సంచి మాత్రం నిరాశపరిచింది. పై బట్ట చున్నీకి ఏమాత్రం తీసిపోదు, కానీ లోపలి అస్తరు పలుచన. మూడో వారానికే జిప్పు పట్టేసింది, ఒకవైపు పట్టీ కుట్టు ఊడింది. తీసుకెళ్లి చూపిస్తే మారుమాట లేకుండా పావుగంటలో కొత్త జిప్పు వేసి, పట్టీని మళ్లీ కుట్టి, డబ్బు తీసుకోలేదు. వారి మర్యాదకు సంతోషమే గానీ, ఐదు వందల సంచికి పట్టీ దగ్గర రెండు వరుసల కుట్టు మొదటే పడాలి. చవక జిప్పు వల్ల నేత మీద పెట్టిన శ్రమ అంతా మరుగున పడిపోతుంది. ఈ మాట వారికి చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను. అది సరిచేసే వరకు సంచులు కొనమని నేను సిఫారసు చేయలేను. చున్నీలు, గలీబులు నిశ్చింతగా కొనవచ్చు.

పట్టుచీరల కోసమో, నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి చేసే తేలియా రుమాలు కోసమో ఈ దుకాణానికి రానవసరం లేదు. అవి ఇక్కడ ఉండవు, రుమాలుకు పుట్టపాక దారి పట్టవలసిందే. ఫోనుతో డబ్బు చెల్లించవచ్చు, ఇంటికి పంపే ఏర్పాటు లేదు. ఆదివారం దుకాణం మూసివేయడం పెద్ద పొరపాటని నా ఉద్దేశం. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా గుర్తించింది, హైదరాబాదు నుంచి కుటుంబాలతో వచ్చేవారికి తీరికయ్యేది ఆదివారమే. వంతులవారీగానైనా తెరవమంటే, సంఘం సమావేశంలో మాట్లాడతామన్నారు.

మా ఇంటి దిండ్లకు పద్దెనిమిది అంగుళాల గలీబులు నాలుగు కావాలని అడిగాను. దసరా నాటికి ఇస్తామని కొలత పుస్తకంలో రాసుకున్నారు. ఐదు వందలు బయానా ఇచ్చి వచ్చాను.