ఆవిడ నగలా, బావగారి చేబదులా?

నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. లక్షకు నెలనెలా 2,000 పోతూనే ఉంటుంది, అసలు కదలదు. ఇలాంటి అప్పును వదిలించుకోవాలంటే ముందు తట్టేవి రెండు: బావగారి దగ్గర చేబదులు, బ్యాంకులో నగల తాకట్టు.

చేబదులుకు వడ్డీ లేదు. కానీ పండక్కి చీర కొన్నా "మన బాకీ సంగతో?" అన్న చూపు తప్పదు. నోటు రాస్తానంటే ఆయన నొచ్చుకుంటారు, రాయకపోతే రేపు లెక్క తేడా వస్తుంది.

తాకట్టుకు వడ్డీ ఉన్నా ఇంత ఉండదు. చిక్కల్లా ఇంట్లోనే. భార్యకు పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం స్త్రీధనం, అంటే ఆవిడ సొంత ఆస్తి. కష్టంలో భర్త వాడుకున్నా తిరిగివ్వాల్సిన నైతిక బాధ్యత ఉందని 2024లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. అడక్కుండా బీరువా తెరిస్తే అప్పును మించిన గొడవ! ఆవిడ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే మాత్రం నా ఓటు తాకట్టుకే. లోను కాగితం ఆవిడ పేరు మీదే ఉండాలి.