మా గృహ: రాయగడ కొండపల్లెల గర్భిణులకు కాన్పు ముందరి బస

ఒడియాలో ‘మా’ అంటే అమ్మ. ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఆవరణలో ఆశా దీదీ ‘మా గృహ’ అన్న బోర్డు చదివి వినిపించినప్పుడు మా అత్తగారు దానిని తెలుగు మాటగానే తీసుకుని, “మన ఇల్లేనటమ్మా, పద” అంటూ చెప్పులు విడిచి లోపలికి నడిచారు. గత శ్రావణంలో మా తోడికోడలు అక్కడ తొమ్మిది రోజులు ఉంది. ఆమె వెంట నేనున్నాను. సరిహద్దుకు ఇవతల, ఒడిశాలో ఉన్న తెలుగు కుటుంబాలలో చాలామందికి ఈ సదుపాయం ఉన్నట్టే తెలియదు కనుక, చూసినది చూసినట్టు రాస్తున్నాను.

మా మరిదికి కొండపల్లెలో కిరాణా దుకాణం. తొలికాన్పు ఆనవాయితీ ప్రకారం పార్వతీపురం దగ్గర పుట్టింట్లో జరిగింది. రెండవ కాన్పుకు అక్కడ చూసుకునేవారు లేకపోయారు. ఊరికీ తారురోడ్డుకూ నడుమ ఒక గెడ్డ, అంటే కొండవాగు ఉంది, అది పొంగిన రోజున గర్భిణులను ఆసుపత్రికి చేర్చే 102 బండి అవతలి ఒడ్డునే నిలిచిపోతుంది. 2017 జూలైలో నాగావళి వరద తెరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల నడుమ రైలు వంతెననే తీసుకుపోయిన ప్రాంతం ఇది. కర్రల వంతెనను నమ్ముకుని నొప్పుల కోసం ఎదురుచూడడం ఎంతటి తెగింపో వేరే చెప్పనక్కరలేదు. ఆసుపత్రికి వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం, ఈ మూడే తల్లుల ప్రాణాలు తీస్తాయని వైద్యులు అంటారు. వీటిలో రెండవదానికి మందు ఈ ఇల్లు. లెక్కకట్టిన తేదీకి వారం పది రోజుల ముందే గర్భిణి వచ్చి చేరితే బసకు గానీ భోజనానికి గానీ పైసా తీసుకోరు.

గదులు సాదావే అయినా శుభ్రంగా ఉన్నాయి, ప్రతి మంచానికీ దోమతెర ఉంది. మలేరియా ప్రాంతంలో అది చిన్న విషయం కాదు. మూడవనాడు మోటారు చెడిపోయి సాయంత్రం దాకా బోరింగు నుంచి బకెట్లతో నీళ్ళు మోసుకున్నాము. భోజనం ఉప్పుడు బియ్యపు అన్నం, దాల్మా, ఆకుకూర, రోజుకొక గుడ్డు. కారం లేని ఆ కూర మా అత్తగారికి ఎక్కలేదు గానీ, పప్పులో గుమ్మడి, పచ్చి అరటి, ములగకాడ కలిసి ఉడికిన దాల్మా నిండు గర్భిణికి మన చింతపండు పులుసు కంటే మేలని నేను నిస్సంకోచంగా చెబుతాను.

అయితే అక్కడ నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచినది బస కాదు, ఆ తొమ్మిది రోజుల పరీక్షలు. చేరిన రోజున రక్తపోటు, మూత్రం, రక్తం చూశారు. హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. గర్భిణికి కనీసం 11 ఉండాలి, 7 కంటే తగ్గితే ప్రాణాపాయం. ఇచ్చిన ఐరన్ మాత్రలు మలబద్ధకం చేస్తున్నాయని ఆమె నెలల తరబడి గూట్లోనే దాచిపెట్టిందని అప్పుడు బయటపడింది. ఇంట్లో ఎవరమూ అడగలేదు, నేనూ అడగలేదు. రోజు విడిచి రోజు ఐరన్ సుక్రోజ్ సెలైన్‌లో ఎక్కించారు, ఈ కొండ ప్రాంతాలలో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బుకు కూడా పరీక్ష చేశారు. పదవనాటి తెల్లవారుజామున నొప్పులు మొదలైతే ఆవరణ దాటే పని లేకుండా నడిచే ప్రసూతి గదికి వెళ్ళాము. సూర్యోదయానికి ఆడపిల్ల పుట్టింది.

అసలు లోపాలు ఆ గుమ్మం దాటాకే మొదలయ్యాయి. బిడ్డను చేతికిచ్చిన ఆయా ‘మిఠాయికి’ అంటూ ఐదు వందలు పుచ్చుకుంది. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, సాధారణ కాన్పుకు మూడు రోజుల భోజనం, తిరిగి ఇంటికి చేర్చే బండి అన్నీ ఉచితం. ఆ సంగతి గోడ మీద ఒడియాలో రాసే ఉంది. మాలో ఎవరికీ ఒడియా చదవడం రాదు.

అంతకంటే నన్ను బాధించినది మరొకటి. కాన్పయిన గంటలోపే ఒక నర్సు వచ్చి మళ్ళీ గర్భం రాకుండా కాపర్ టీ వేస్తామని, ఒక ఒడియా కాగితం మీద సంతకం పెట్టమని అడిగింది. కాన్పయిన 48 గంటలలోపు వేసే ఆ సాధనం మంచిదే, పదేళ్ళు పనిచేసేదీ ఉంది, అక్కరలేదనుకున్నప్పుడు తీయించుకోవచ్చు. కానీ అలసటతో కళ్ళు మూతలు పడుతున్న మనిషి “అక్కా, ఇదేమిటి?” అని నన్ను అడిగిన క్షణం అటువంటి నిర్ణయానికి తగినది కాదు. మూడు నెలలకొకసారి వేసే అంతరా ఇంజెక్షన్ గురించి, పాలిచ్చే తల్లులు కూడా వాడదగిన ఛాయా మాత్రల గురించి ఒక్క మాట చెప్పలేదు. ఖాళీగా గడిచిన ఆ తొమ్మిది రోజులలో ఏ సాయంత్రమైనా కూర్చోబెట్టి, తెలుగు వచ్చిన ఒక్కరి చేత ఇవన్నీ చెప్పించి ఉండవచ్చు. ఆలోచించుకుంటానని ఆమె సంతకం పెట్టలేదు. నర్సు ముఖం చిట్లించుకుని వెళ్ళిపోయింది. నెలన్నర తరువాత ఆమె తన ఇష్టంతోనే అంతరా వేయించుకుంది.

ఇంటికి చేర్చే బండి మూడు సార్లు ఫోన్ చేశాక వచ్చి, గెడ్డ దగ్గరే దింపింది. దానికి బండివాడిని తప్పు పట్టలేను.

వెళ్ళదలచినవారు తల్లీబిడ్డల రక్షణ కార్డు, ఆధార్, గర్భిణి పేరిటే ఉన్న బ్యాంకు పాసుపుస్తకం తప్పక తీసుకువెళ్ళండి. ఒడిశాలో పల్లెటూరి తల్లికి ఆసుపత్రి కాన్పుకు జననీ సురక్షా యోజన ఇచ్చే 1,400 రూపాయలైనా, గర్భిణులకు, బాలింతలకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే మమతా పథకం సొమ్మయినా ఆ ఖాతాలోనే పడతాయి, భర్త ఖాతా పనికిరాదు. చద్దన్నం, ఊరగాయ లేనిదే ముద్ద దిగని పెద్దవాళ్ళను మాత్రం వెంట తీసుకువెళ్ళకండి. మా అత్తగారు మూడవనాడే మోటారు సాకు చెప్పి రాయగడ బస్సెక్కారు.