ఆదివారం విశాఖ: తొమ్మిదేళ్ళు తిరిగాక

విజయనగరంలో ఆదివారం పొద్దున్న "ఎక్కడికైనా వెళ్దామా" అని ఇంట్లో అన్నారంటే విశాఖ అనే అర్థం. ఇంకో ఊరి పేరు ఎవరూ ఎత్తరు. పాపకి మూడేళ్ళప్పుడు మొదలైంది మా అలవాటు. కరోనా కాలం తీసేస్తే నెలకి ఒక్కసారైనా వెళ్ళొస్తూనే ఉన్నాం. సెలవులకొచ్చి రెండు రోజులు హోటల్లో దిగి చూసేవాళ్ళకి ఆ ఊరు ఎలా ఉంటుందో నాకు తెలీదు. పొద్దున్న బస్సెక్కి, రాత్రికి ఇల్లు చేరి, సోమవారం డ్యూటీకి వెళ్ళాల్సిన వాడి లెక్క ఇది. అయిదుకి మూడున్నర ఇస్తాను.

పోయిన ఒకటిన్నరలో సగం ప్రయాణానిదే. దూరం అరవై కిలోమీటర్లే గానీ మధురవాడ దగ్గర బస్సు ఆగిందంటే, మద్దిలపాలెం వచ్చేసరికి పాప తెచ్చుకున్న చెగోడీలు అయిపోతాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు కదా, నాన్‌స్టాప్‌కి అది వర్తించదు. దాంతో కాంప్లెక్సులో, అంటే మా ఊరి బస్టాండులో, మాకు ప్రతిసారీ పంచాయితీయే. నేను నాన్‌స్టాప్ వైపు నడుస్తాను, మా ఆవిడ ఎక్స్‌ప్రెస్ వచ్చే దాకా కదలదు. "ఇద్దరి డబ్బులు మిగుల్తాయండీ, అక్కడ మొక్కజొన్న పొత్తులకి వస్తాయి" అంటుంది. మిగులుతాయి, నిజమే. నిలబడి వెళ్ళేది మాత్రం నేను.

రైలు సుఖమే, కొత్తవలస మీదుగా చల్లగా వెళ్ళిపోవచ్చు. కానీ 2023 అక్టోబరు 29, ఆదివారం రాత్రి, కంటకాపల్లి దగ్గర పలాస పాసింజర్ని వెనకనుంచి రాయగడ పాసింజరు గుద్దింది. మేం తిరుగుప్రయాణంలో ఎక్కే బళ్ళు అవే. ఆ వారం మేం వెళ్ళలేదంతే. ఆ తరవాత చాలా రోజులు మా అమ్మ మమ్మల్ని రైలెక్కనివ్వలేదు.

ఇన్నిసార్లు చూసినా విసుగు పుట్టనిది ఒక్కటే, బీచ్ రోడ్డులో ఇసక మీద నిలబెట్టిన కురుసుర సబ్‌మెరీన్. 1969లో నౌకాదళంలో చేరి, 2001 దాకా పనిచేసి, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. తొంభై మీటర్ల పైచిలుకు పొడవు. బయటనుంచి అంత పెద్దగా కనిపిస్తుందా, లోపలికి వెళ్తే మా వీధిలో పాతకాలపు పెంకుటింటి నడవంత వెడల్పు కూడా ఉండదు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కన్నంలోంచి దూరాలి. ముందు కాలు పెట్టాలి, తరవాత తల వంచాలి. తల ముందు పెట్టినవాడికి బొప్పి ఖాయం. నాకు రెండుసార్లు కట్టింది. గోడ నిండా గొట్టాలు, మీటర్లు, చక్రాలు. ఒకదాని మీద ఒకటి పడకలు, మా పాప పడుకుంటే సరిగ్గా సరిపోయేంత. డెబ్భై అయిదు మంది ఉండేవారట అందులో. నాలుగో క్లాసులో ఉన్నప్పుడు పాప అడిగేసింది: "మరి స్నానం ఎక్కడ చేసేవారు, అంకుల్?" గైడుగా ఉన్న రిటైర్డు నేవీ ఆయన నవ్వారు. "చుట్టూ సముద్రం నిండా నీళ్ళేనమ్మా, స్నానానికి మాత్రం ఉండవు." ఆ నెలంతా ఇంట్లో స్నానానికి పిలిస్తే "నేను సబ్‌మెరీన్‌లో ఉన్నాను" అనేది. ఎదురుగా రోడ్డుకి అవతల టీయూ-142 విమానం కూడా పెట్టారు, 2017 నుంచి. బాగుంటుంది గానీ, కురుసురలో దూరి వచ్చినవాడికి అది కాస్త చప్పగానే అనిపిస్తుంది.

ఆర్కే బీచ్ చూడ్డానికే గానీ దిగడానికి కాదు. ఈ మాట గట్టిగా చెప్తున్నాను. కెరటం వచ్చేటప్పుడు ఏమీ అనదు, వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసకని లాగేస్తుంది. మోకాళ్ళ లోతులో నిలబడి ఫోటో తీస్తూ నేనే కూలబడ్డాను ఒకసారి. ఈల వేస్తూ పరిగెత్తుకొచ్చిన కుర్రాడు నన్ను జబ్బ పట్టుకుని లేపి, "ఏటి బాబూ, పిల్లకి చెప్పాల్సిన పెద్దోరు మీరే దిగిపోతారేటి?" అన్నాడు. ఫోన్ పోయింది, ఒక చెప్పు పోయింది. రెండో చెప్పు పారెయ్యడానికి మనసొప్పక ఇంటిదాకా తెచ్చాను. అలల్లో కాళ్ళు తడుపుకోవాలనుంటే రుషికొండ మేలు, అక్కడ కూడా ఒడ్డునే.

తిండి సంగతి ఒక్కముక్కలో: మురీ మిక్చరు, అంటే మరమరాల మిక్చరు. ఉల్లిపాయ, నిమ్మకాయ, మసాలా కలిపి పొట్లం కట్టి ఇస్తారు, గాలికి సగం ఎగిరిపోతుంది, మిగతా సగానికి రుచి ఎక్కువ.

కైలాసగిరి చిన్నపిల్లలున్నప్పుడు సరే. రోప్‌వేలో పైకి, టాయ్ ట్రైన్‌లో ఒక చుట్టు, శివపార్వతుల విగ్రహాల ముందు ఫోటో. మూడోసారికి మా పాపే "మళ్ళీ శివుడేనా" అంది. షాపింగ్ మాళ్ళలో ఆటలుంటాయి చూశారూ, వాటికి మాత్రం నేను దణ్ణం పెట్టేశాను. ఒకచోట కార్డులో అయిదొందలు వేయించాం, బండి ఆట మధ్యలో ఆగిపోయింది. ఇంకా నూట ఇరవై ఉంది, తిరిగి ఇమ్మంటే "ఇవ్వం సార్, ఆర్నెల్లలో వచ్చి వాడుకోండి" అన్నారు. ఆ నూట ఇరవై కోసం ఇంకో నాలుగొందలు ఖర్చుపెట్టి విజయనగరం నుంచి రమ్మని దానర్థం. కార్డు ఇప్పటికీ మా టీవీ కింద ఉంది.

రెండేళ్ళుగా మేం దారి మార్చాం. మా జిల్లా వాళ్ళకి బాగా పనికొస్తుంది కాబట్టి చెప్తున్నాను. నేరుగా విశాఖ వెళ్ళకుండా తగరపువలసలో దిగిపోండి. అక్కణ్ణించి ఆటోలో భీమిలి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, పాత డచ్చి వాళ్ళ సమాధులు, లైట్‌హౌస్ చూసుకుని, బీచ్ రోడ్డు బస్సెక్కితే ఎడమపక్క కిటికీలో సముద్రమే సముద్రం. మధ్యలో తొట్లకొండ. నౌకాదళం వాళ్ళు విమానంలోంచి సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధారామం అది, 1988లో తవ్వకాలు మొదలెట్టారు. వాన నీళ్ళు పట్టుకోవడానికి భిక్షువులు రాతిలో తొలిచిన తొట్ల వల్లే కొండకి ఆ పేరు. పైన నీడ తక్కువ, నీళ్ళు వెంట పట్టుకెళ్ళాలి. జనం ఉండరు. మా నాన్న విశాఖలో ఇష్టపడ్డ చోటు ఇదొక్కటే. ఆర్కే బీచ్‌లో ఆయన అరగంట బెంచీ మీద కూర్చుని, "చివరి బస్సు ఎన్నింటికిరా?" అని అడిగారు.

విశాఖలో దొరకనిది కూడా చెప్పాలి. దసరా వెళ్ళిన మంగళవారం మా పైడితల్లమ్మ సిరిమాను. చింతమాను కొసన పూజారి కూర్చుని, మూడు లాంతర్ల దగ్గర గుడినుంచి కోట దాకా మూడుసార్లు తిరిగే ఉత్సవం. పాలధార, తెల్ల ఏనుగు, బెస్తవారి వల ముందు నడుస్తాయి. ఆ రోజు విశాఖ చుట్టాలంతా మా మేడ మీదే ఉంటారు, గోడ దగ్గర చోటు కోసం మాతోనే దెబ్బలాడతారు. 1919లో పెట్టిన మా సంగీత కళాశాల గోడ వారగా సాయంత్రం నడిస్తే వయొలిన్ సాధన వినిపిస్తుంది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న చోటు, ఘంటసాల చదువుకున్న చోటు. దానికి బస్సూ అక్కర్లేదు, టిక్కెట్టూ అక్కర్లేదు. అయినా ఆదివారం వస్తే మళ్ళీ కాంప్లెక్సుకే వెళ్తాం, అది వేరే సంగతి.

చివరగా, సెలవు దొరికింది కదా అని సోమవారం వెళ్ళకండి. సబ్‌మెరీనూ, జూ పార్కూ రెండూ మూసే ఉంటాయి. మేం ఒకసారి అలాగే వెళ్ళాం. పాప కంచె బయట నిలబడి కురుసురకి టాటా చెప్పి వచ్చింది.