సూపర్‌చార్జర్ బండిలో మ్యాఫ్ సెన్సర్: అందరూ పీకెయ్యమన్నదే నాకు నచ్చింది

బ్లోయర్ (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే సూపర్‌చార్జర్) బిగించాక కలిసిన ప్రతివాడూ ఇచ్చిన సలహా ఒక్కటే: "మ్యాఫ్ పీకేసి, మ్యాప్ సెన్సర్‌తో స్పీడ్ డెన్సిటీ పెట్టించెయ్ గురూ." మ్యాఫ్ అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి బరువు నేరుగా కొలిచే సెన్సర్. మ్యాప్ అయితే మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి చూపిస్తుంది, దాన్నీ ఆర్‌పీఎంనీ ముందే రాసిపెట్టిన టేబుల్‌తో కలిపి గాలిని లెక్కగట్టడమే స్పీడ్ డెన్సిటీ. నేను పెట్టించలేదు. రెండు వానాకాలాలు దాటాయి, ఇప్పటికీ నాకు మ్యాఫ్ అంటే ఇష్టమే.

బండి 1.6 లీటర్ల పాత సెడాన్, సెంట్రిఫ్యూగల్ బ్లోయర్, బూస్ట్ 6 పీఎస్‌ఐ దగ్గర. మిగతా లెక్కలు ఇక్కడ అనవసరం.

ఇష్టం అరకు ఘాట్‌లో మొదలైంది. శృంగవరపుకోట దాటి ఎక్కుతూ పోతే పైన, 900 మీటర్ల ఎత్తులో, గాలి దాదాపు పదో వంతు పల్చబడుతుంది. బండికి ఆ సంగతే పట్టనట్టు వైడ్‌బ్యాండ్ (గాలి-పెట్రోలు నిష్పత్తి చూపే మీటర్) గీత కదల్లేదు. మ్యాఫ్‌లోని వేడి ఫిల్మ్‌ని గాలి చల్లారుస్తుంటే, దాన్ని అదే వేడిలో నిలబెట్టడానికి ఎంత కరెంటు పట్టిందన్నదాన్ని బట్టి లోపలికెళ్లే గాలి బరువు తేలిపోతుంది. ట్యూన్ చక్కగా ఉంటే మ్యాప్ బండీ ఘాట్ ఎక్కుతుంది, కాదనను. కానీ ఎగ్జాస్ట్ మార్చినా, కామ్ (వాల్వ్‌లు తెరిచే షాఫ్ట్) మార్చినా దాని టేబుల్ మళ్లీ దిద్దుకోవాలి. నేను ఎగ్జాస్టూ మార్చాను, బ్లోయర్ ఇంకా వేగంగా తిరిగేలా చిన్న పుల్లీ కూడా వేయించాను. పెట్రోలు లెక్క దానంతటదే సర్దుకుంది.

ఇక అసలు గొడవ. విశాఖలో హనుమంతవాక దగ్గర సిగ్నల్ పడి కాలు తీస్తే చాలు, ఆర్‌పీఎం దబ్బున పడిపోయి బండి ఆగిపోయేది. వెనకాల నల్లటి పొగ. పక్కన ఆటో అతను "ఏటి బాబూ, డీజిల్ పోసేసేవా?" అని నవ్వాడు. బిగించిన వర్క్‌షాపువాళ్లు వెళ్లినప్పుడల్లా ల్యాప్‌టాప్ తెరవడం, ఐడిల్ కాస్త పెంచడం, బిల్లు చేతిలో పెట్టడం. బానెట్ ఎత్తి చూసినవాడు లేడు.

విసుగొచ్చి సెన్సర్ల రీడింగుల లాగ్ నేనే తీశాను. త్రాటిల్ గీత సున్నాకి పడింది. దానితోపాటు పడాల్సిన మ్యాఫ్ వోల్టేజీ పైకి ఎగిరింది, ఆ వెంటనే గాలి-పెట్రోలు మిశ్రమం 10 దగ్గరికి దిగింది, అంటే పెట్రోలు మరీ ఎక్కువ, రిచ్. కాలు తీసేశాక ఇంజిన్‌కి అంత గాలి ఎక్కడిది?

బైపాస్ వాల్వ్ నుంచి తిరిగొచ్చే పైపుని మ్యాఫ్‌కి నాలుగు వేళ్ల దూరంలో, మూతి సరిగ్గా సెన్సర్ వైపుకే తిప్పి వెల్డ్ చేశారు మహానుభావులు! త్రాటిల్ మూసుకోగానే బ్లోయర్ నొక్కిన గాలి వెనక్కొచ్చి సెన్సర్ మొహాన కొడుతోంది. ఇలాంటి పాత రకం సెన్సర్‌కి గాలి వస్తోందో పోతోందో తెలీదు, ఫిల్మ్ ఎంత చల్లబడిందన్నదే దాని లెక్క. ఒకసారి లెక్కేసిన గాలినే మళ్లీ లెక్కేసి, లేని గాలికి పెట్రోలు పోయిస్తోందన్నమాట. వాల్వ్‌ని బయటికే వదిలెయ్యి, 'ప్‌ష్' అని సౌండూ వస్తుంది అన్నాడొక మిత్రుడు. ఆ గాలికి మ్యాఫ్ అప్పటికే లెక్క కట్టేసింది. బయటికి పోతే పెట్రోలు మిగిలి మళ్లీ రిచ్చే.

గాజువాక ఆటోనగర్‌లో ఒక వెల్డర్ ఆ ముక్క కోసేసి, బ్లోయర్ నోటి దగ్గరికి జరిపి, ఏటవాలుగా బ్లోయర్ వైపే చూసేలా అతికించాడు. భోజనాల వేళకి పని అయిపోయింది. మళ్లీ సిగ్నల్లో ఆగలేదు.

పుల్లీ సంగతి ఇందాక కాస్త ఉదారంగా చెప్పాను. 6000 ఆర్‌పీఎం దాటాక మ్యాఫ్ వోల్టేజీ దాని గరిష్ఠం 5కి ఆనుకుపోతోంది. అక్కణ్ణుంచి గాలి ఎంత పెరిగినా సెన్సర్ అదే మాట చెబుతుంది, మిశ్రమం లీన్ అవుతుంది (పెట్రోలు చాలదు), బూస్ట్ మీద అది ఇంజిన్ తినేసే వ్యవహారం. అందుకే ట్యూనర్ రెవ్ లిమిట్ కిందికి దించాడు. సెన్సర్‌ని లావు గొట్టంలోకి మారిస్తే పైన జాగా వస్తుంది గానీ, మొత్తం కర్వ్ మళ్లీ రాయాలి, ఐడిల్‌లో రీడింగ్ మరీ పీలగా ఉంటుంది. నూనె రాసే కాటన్ ఫిల్టర్ కూడా దీనికి పడలేదు. ఫిల్మ్ మీద జిడ్డు పట్టి ఫ్యూయెల్ ట్రిమ్‌లు (బండి కంప్యూటర్ చేసుకునే పెట్రోలు సవరణలు) ప్లస్‌లోకి జరుగుతూ పోయాయి. ఇప్పుడు మామూలు పేపర్ ఫిల్టరే, అప్పుడప్పుడు మ్యాఫ్ క్లీనర్ స్ప్రే. కార్బ్ క్లీనర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఇంకోటి, మ్యాఫ్‌లోని టెంపరేచర్ సెన్సర్ బ్లోయర్‌కి ముందున్న గాలినే చూస్తుంది. నొక్కాక అది ఎంత కాగిందో దానికేం తెలుసు? ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లార్చేది) తరవాత ఇంకో సెన్సర్ పెట్టించేదాకా మే నెల ఎండల్లో స్పార్క్ టైమింగ్ సరిగ్గా వెనక్కి రాలేదు.

నేను తిరిగేది మద్దిలపాలెం నుంచి రుషికొండ దాకా, సెలవొస్తే ఘాట్. దానికి ఇది బాగానే సరిపోతోంది. ట్రాక్ మీద పైదాకా లాగించేవాళ్లకి మ్యాపే నయమేమో. ఇంకా చిన్న పుల్లీ వేస్తే నేనూ మారక తప్పదు. ప్రస్తుతానికి ఇంట్లో ఆ ఖర్చు మాటెత్తే ధైర్యం లేదు.