టామ్‌క్యాట్‌లో యాప్ పాత్ ఎక్కడ పెట్టాలి: వార్ పేరులోనా, ఎక్స్ఎంఎల్‌లోనా, ప్రాక్సీలోనా?

"సర్వర్.ఎక్స్ఎంఎల్‌లో కొత్త పాత్ రాశాను, అయినా పాత అడ్రసులో కూడా యాప్ తెరుచుకుంటోంది, ఎందుకు?" జావా వెబ్ యాప్‌లని నడిపే టామ్‌క్యాట్ సర్వర్ గురించి ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నాకు వస్తూనే ఉంటుంది. (పాత్ అంటే అడ్రసులో డొమైన్ తర్వాత వచ్చే భాగం, సర్వర్.ఎక్స్ఎంఎల్ అంటే టామ్‌క్యాట్ ప్రధాన సెట్టింగుల ఫైల్.) యాప్ లోపలే ఉండే మెటా-ఇన్ఫ్ ఫోల్డర్‌లోని కాంటెక్స్ట్.ఎక్స్ఎంఎల్‌లో పాత్ రాస్తే టామ్‌క్యాట్ అసలు పట్టించుకోవడం లేదని ఇంకొందరు అడుగుతారు. టామ్‌క్యాట్‌కి ముందు ప్రాక్సీ (బయటి రిక్వెస్టులు అందుకుని లోపలికి పంపే సర్వర్) పెట్టిన దగ్గర్నుంచి లాగిన్ నిలబడటం లేదనే వాళ్లు మరికొందరు. చూడటానికి ఇవి మూడు వేర్వేరు సమస్యలు, కానీ మూడింటికీ మూల కారణం ఒకటే: యాప్ పాత్ ఏమిటన్నది ఒక్క చోట తేలాల్సింది పోయి రెండు చోట్ల తేలుతోంది, ఆ రెండూ ఒకదానికొకటి పొసగడం లేదు.

అందుకే ఏ పద్ధతి మేలని అడిగితే నేను మొదట చూసేది సౌకర్యం కాదు, ఎన్ని లైన్లు రాయాలన్నదీ కాదు. బ్రౌజర్‌లో కనిపించే పాత్, యాప్ తనదనుకునే పాత్ అక్షరం తేడా లేకుండా ఒకటేనా, దాన్ని నిర్ణయించే చోటు ఒక్కటేనా అన్నదే చూస్తాను. ఉదాహరణకి మన యాప్ పేరు షాప్ అనుకుందాం, అది /షాప్ దగ్గర రావాలి.

అందరికీ తెలిసిన దారి వార్ ఫైల్ (యాప్ మొత్తాన్ని ఒక్కటిగా కట్టిన ఫైల్) పేరు. షాప్.వార్‌ని టామ్‌క్యాట్‌లోని వెబ్‌యాప్స్ ఫోల్డర్‌లో పడేస్తే /షాప్ వచ్చేస్తుంది. ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో రూట్ అని పేరు పెడితే డొమైన్ మొదట్లోనే వస్తుంది, చిన్నక్షరాల్లో పెడితే మాత్రం రాదు, అది మామూలు పేరే అయిపోతుంది. రెండు మెట్ల పాత్ కావాలంటే పేరు మధ్యలో హ్యాష్ గుర్తు పెట్టాలి: షాప్#అడ్మిన్.వార్ అంటే /షాప్/అడ్మిన్ అన్నమాట. పాత్ ఎక్కడ తేలుతోందన్న ప్రశ్నకి ఇక్కడ జవాబు ఒకటే, ఫైల్ పేరు, కాబట్టి నా కొలతకి ఇది బాగానే నిలుస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే బిల్డ్ టూల్ ఇచ్చే పేరులో మామూలుగా వెర్షన్ నంబర్ ఉంటుంది. షాప్-2.3.1.వార్‌ని అలాగే కాపీ చేస్తే పాత్ కూడా /షాప్-2.3.1 అవుతుంది, పేరు మారిస్తేనేమో సర్వర్ మీద ఏ వెర్షన్ నడుస్తోందో ఫైల్ చూసి చెప్పలేం.

దీనికి మందు టామ్‌క్యాట్ 7 నుంచీ ఉంది, చాలామంది వాడరు. పేరు తర్వాత రెండు హ్యాష్‌లు పెట్టి వెర్షన్ రాస్తే (షాప్##2.3.1.వార్) పాత్ /షాప్‌గానే ఉంటుంది, ఆ తర్వాతి భాగాన్ని వెర్షన్‌గా తీసుకుంటుంది. రెండు వెర్షన్లు పక్కపక్కనే నడుస్తాయి కూడా, పాత సెషన్లు, అంటే ఇప్పటికే లోపల ఉన్నవాళ్లవి, పాతదాంట్లోనే కొనసాగుతాయి, కొత్తగా వచ్చేవాళ్లు కొత్తదానికి వెళ్తారు. ఒక్క జాగ్రత్త, వెర్షన్లని టామ్‌క్యాట్ అంకెలుగా కాకుండా అక్షరాల వరసగా పోలుస్తుంది, అంటే దాని లెక్కలో 10 కంటే 9 కొత్తది. ముందు సున్నాలు పెట్టి 009, 010 అని రాసుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

ఇక సర్వర్.ఎక్స్ఎంఎల్. ఒక డొమైన్‌కి చెందిన హోస్ట్ ట్యాగ్ లోపల ఒక యాప్‌కి చెందిన కాంటెక్స్ట్ ట్యాగ్ పెట్టి పాత్, డాక్‌బేస్ (యాప్ ఫైల్ ఎక్కడుందో చెప్పేది) రెండూ రాయడం. పాత ట్యుటోరియల్స్ అన్నీ ఇదే నేర్పాయి కాబట్టి ఇప్పటికీ అందరూ మొదట ఇక్కడికే వస్తారు. కాంటెక్స్ట్ ట్యాగ్‌లో పాత్ అని రాస్తే పనిచేసే చోటు నిజంగా ఇదొక్కటే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఇక్కడ పాత్ రాసి వార్‌ని వెబ్‌యాప్స్‌లోనే ఉంచితే ఏం జరుగుతుందో చూడండి: సర్వర్.ఎక్స్ఎంఎల్ చెప్పినట్టు టామ్‌క్యాట్ యాప్‌ని ఒకసారి లేపుతుంది, తర్వాత వెబ్‌యాప్స్‌ని తిరగేస్తూ షాప్.వార్ కనిపించగానే దాని పేరుతో మళ్లీ లేపుతుంది. ఒకే యాప్ రెండు కాపీలు. పేజీలు రెండు అడ్రసుల్లో రావడం ఇందులో చిన్న సంగతి. డేటాబేస్ కనెక్షన్ పూల్ రెండు, మెమరీ రెండింతలు, రాత్రి పూట నడిచే షెడ్యూల్డ్ జాబ్ రెండుసార్లు, ఆ జాబ్ మెయిల్ పంపేదైతే కస్టమర్‌కి రెండు మెయిళ్లు. జాబ్ రెండుసార్లు ఎందుకు నడుస్తోందని కోడ్‌లో వెతుకుతూ కూర్చుంటారు, అక్కడ తప్పేమీ ఉండదు. ఇది జరగకూడదంటే వెబ్‌యాప్స్‌లోని యాప్‌లని వాటంతట అవే లేపే సెట్టింగులు ఆటోడిప్లాయ్, డిప్లాయ్‌ఆన్‌స్టార్టప్ రెండూ ఆపేయాలి, లేదా డాక్‌బేస్‌ని వెబ్‌యాప్స్ బయటకి మార్చాలి. అలా చేస్తే సరిగ్గానే నడుస్తుంది, అయినా ఆ ఫైల్‌లో ఏ చిన్న మార్పు చేసినా టామ్‌క్యాట్ మొత్తాన్ని ఆపి మళ్లీ లేపాల్సిందే, పక్కనున్న యాప్‌లన్నీ ఆగుతాయి. టామ్‌క్యాట్ డాక్యుమెంటేషనే ఈ పద్ధతి వద్దని చెబుతోంది. నేనూ వద్దనే చెబుతాను.

మెటా-ఇన్ఫ్‌లోని కాంటెక్స్ట్.ఎక్స్ఎంఎల్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. డేటా సోర్స్ (డేటాబేస్ కనెక్షన్ వివరాలు) లాంటివి పెట్టుకోవడానికి పనికొస్తుంది, పాత్‌కి పనికిరాదు, అక్కడ రాసిన పాత్‌ని టామ్‌క్యాట్ వదిలేస్తుంది. వదిలేయడమే న్యాయం కూడా: ఏ అడ్రసులో ఉండాలన్నది యాప్ తనలోపల మోసుకు తిరగాల్సిన విషయం కాదు, దాన్ని ఎక్కడ నడుపుతున్నామో ఆ సర్వర్ చెప్పాల్సిన విషయం.

నాకు నచ్చినది దీని తర్వాతది. టామ్‌క్యాట్‌లోని కాన్ఫ్ ఫోల్డర్, దాని కింద కాటలీనా, దాని కింద లోకల్‌హోస్ట్, అందులో షాప్.ఎక్స్ఎంఎల్ అనే చిన్న ఫైల్. లోపల ఒక కాంటెక్స్ట్ ట్యాగ్, అందులో డాక్‌బేస్, అంతే. (కాటలీనా అనేది ఇంజిన్ పేరు, లోకల్‌హోస్ట్ హోస్ట్ పేరు, సర్వర్.ఎక్స్ఎంఎల్‌లో వాటిని మార్చుకుని ఉంటే ఫోల్డర్ పేర్లూ అలాగే ఉండాలి.) ఇక్కడా పాత్ అని రాయక్కర్లేదు, రాసినా లెక్కలోకి రాదు, ఫైల్ పేరే పాత్. వార్ మాత్రం వెబ్‌యాప్స్‌కి బయట వేరే ఫోల్డర్‌లో, బిల్డ్ ఇచ్చిన అసలు పేరుతోనే, షాప్-2.3.1.వార్‌గానే ఉంటుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు డాక్‌బేస్‌లో ఒక్క లైన్ మారిస్తే ఆ ఒక్క యాప్ కొత్త వార్‌తో మళ్లీ లేస్తుంది, మిగతావాటి జోలికి పోదు. వెనక్కి వెళ్లాలంటే అదే లైన్ పాతదానికి మార్చడమే. టెస్ట్ సర్వర్‌లో వేరే పాత్, వేరే డేటాబేస్ కావాలన్నా వార్ ముట్టుకోకుండా ఈ ఫైల్‌లోనే తేల్చుకోవచ్చు. వార్‌ని వెబ్‌యాప్స్‌లోనే ఉంచి ఇక్కడ డాక్‌బేస్‌తో దాన్ని చూపించబోతే మాత్రం టామ్‌క్యాట్ లాగ్‌లో ఒక హెచ్చరిక వేసి ఆ డాక్‌బేస్‌ని పక్కన పెట్టేస్తుంది, కాబట్టి బయట పెట్టడం అన్నది ఇక్కడ షరతు.

స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లకి టామ్‌క్యాట్ యాప్ జార్ ఫైల్ లోపలే ఉంటుంది కాబట్టి పైన చెప్పినవేవీ వర్తించవు. అక్కడ సర్వర్.సర్వ్‌లెట్.కాంటెక్స్ట్-పాత్ అనే ప్రాపర్టీ ఒక్కటే. బూట్ 2 రాకముందు దాని పేరు మధ్యలో సర్వ్‌లెట్ ఉండేది కాదు, పాత ప్రాజెక్టు అప్‌గ్రేడ్ చేశాక పాత్ మాయమైందంటే ముందు చూడాల్సింది అదే. దీన్ని జార్ లోపలి ఫైల్‌లో పాతిపెట్టకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గానో కమాండ్ లైన్‌లోనో బయట నుంచి ఇవ్వండి. ఇంకో రెండు సంగతులు. ఇదే యాప్‌ని వార్‌గా కట్టి బయటి టామ్‌క్యాట్‌లో పెడితే ఈ ప్రాపర్టీకి విలువ ఉండదు, మళ్లీ వార్ పేరో ఎక్స్ఎంఎల్ పేరో పాత్ అవుతుంది. రెండోది, పాత్ పెట్టగానే యాక్చుయేటర్ హెల్త్ అడ్రసు (యాప్ బాగుందో లేదో చెప్పేది) కూడా దాని కిందకి జరుగుతుంది. రిక్వెస్టులు పంచే లోడ్ బ్యాలెన్సర్ పాత అడ్రసునే తడుతూ 404 చూసి, బాగా ఉన్న యాప్‌ని చచ్చిపోయిందనుకుంటుంది. యాక్చుయేటర్ కోసం మేనేజ్‌మెంట్ పోర్టు వేరేగా పెట్టుకుంటే ఈ కాంటెక్స్ట్ పాత్ దానికి అంటదు.

ఇప్పుడు అసలు గొడవంతా ఉన్న చోటు, ప్రాక్సీ. టామ్‌క్యాట్ ముందు ప్రాక్సీగా ఎంజిన్‌ఎక్స్ గానీ అపాచీ గానీ ఉంది, లోపల టామ్‌క్యాట్‌లో యాప్ /షాప్ దగ్గర ఉంది, బయట జనానికి మాత్రం ఏ పాతూ లేకుండా డొమైన్ మొదట్లోనే కనిపించాలి. ప్రాక్సీలో రెండు లైన్లు రాస్తే పేజీ వచ్చేస్తుంది, అందుకే ఇది చాలా తేలికనిపిస్తుంది. మొదటి పేజీ వస్తుంది, లాగిన్ పేజీ కూడా వస్తుంది, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా మళ్లీ లాగిన్ పేజీయే వస్తుంది.

కారణం కుకీ. వచ్చినవాళ్లని మళ్లీ గుర్తుపట్టడానికి ఇచ్చే సెషన్ కుకీని, అదే జెసెషన్‌ఐడీని, టామ్‌క్యాట్ యాప్ పాత్‌తో ముద్ర వేసి ఇస్తుంది: ఇది /షాప్ కింద మాత్రమే చెల్లుతుంది అని. బ్రౌజర్ దాన్ని తీసుకుని దాచుకుంటుంది, కానీ బ్రౌజర్ కళ్లకి కనిపిస్తున్న అడ్రసు /ఆర్డర్స్, అందులో /షాప్ లేదు కాబట్టి తర్వాతి రిక్వెస్ట్‌తో ఆ కుకీని పంపదు. టామ్‌క్యాట్‌కి ప్రతిసారీ కొత్త మనిషి వచ్చినట్టే, ప్రతిసారీ కొత్త సెషనే. ఎక్కడా ఎర్రర్ పడదు, లాగ్‌లు శుభ్రంగా ఉంటాయి, అదే టెన్షన్ పెట్టే విషయం. కుకీ ఒక్కటే కాదు, యాప్ పంపే రీడైరెక్టులూ (వేరే అడ్రసుకి వెళ్లమనే జవాబులు) /షాప్‌తోనే వస్తాయి, పేజీలోని లింకులూ అలాగే వస్తాయి. ప్రతిదానికీ ప్రాక్సీలో విడివిడిగా మందుంది: కుకీకి ఎంజిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ_కుకీ_పాత్, అపాచీలో ప్రాక్సీపాస్‌రివర్స్‌కుకీపాత్, రీడైరెక్టులకి ప్రాక్సీ_రీడైరెక్ట్, ప్రాక్సీపాస్‌రివర్స్. కానీ హెచ్‌టీఎమ్‌ఎల్ లోపలి లింకుల్ని ఇవేవీ మార్చవు. జావాస్క్రిప్ట్ కట్టుకునే అడ్రసుల సంగతి సరేసరి.

దీన్ని తిప్పి చేసినా సుఖం లేదు. లోపల యాప్‌లన్నీ రూట్‌లోనే ఉన్నాయి, బయట మాత్రం ఒకే డొమైన్ కింద /షాప్, /రిపోర్ట్స్ అని ప్రాక్సీ పంచుతోంది అనుకోండి. అప్పుడు రెండు యాప్‌లూ ఇచ్చే కుకీ పేరు ఒకటే, పాత్ కూడా ఒకటే, ఒకదాని కుకీ మీద ఇంకోదాని కుకీ పడుతుంది. షాప్‌లో లాగిన్ అయితే రిపోర్ట్స్‌లో లాగౌట్, అటు లాగిన్ అయితే ఇటు లాగౌట్. వేర్వేరు పోర్టుల్లో ఉన్నాయిగా అంటారు కొందరు, కుకీలకి పోర్టు తేడా తెలియదు. సెషన్ కుకీ పేరు మార్చి తప్పించుకోవచ్చు. స్ప్రింగ్‌లో అయితే ప్రాక్సీ నుంచి ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రిఫిక్స్ హెడర్ పంపి, ఫార్వర్డ్-హెడర్స్-స్ట్రాటజీని ఫ్రేమ్‌వర్క్ అని పెడితే లింకులు కూడా సర్దుకుంటాయి. పని జరుగుతుంది, కాదనను. కానీ ఆ హెడర్ పంపడం ఎవరో ఒకరు మర్చిపోయిన రోజున అన్నీ ఒక్కసారే విరుగుతాయి.

అందుకే నా మాట ఇది: ప్రాక్సీ పెట్టుకోండి, పాత్ మాత్రం మార్చనివ్వకండి. బయట /షాప్ కావాలంటే లోపలా /షాప్ పెట్టండి. బయట రూట్ కావాలంటే లోపలా రూట్ పెట్టండి. అదే టామ్‌క్యాట్‌లో ఇంకో యాప్‌కి కూడా రూట్ కావాలంటే దానికి వేరే సబ్‌డొమైన్, వేరే హోస్ట్ ట్యాగ్, వేరే వెబ్‌యాప్స్ ఫోల్డర్ ఇవ్వండి. ఎంజిన్‌ఎక్స్‌లో రిక్వెస్ట్‌ని లోపల ఎక్కడికి పంపాలో చెప్పే ప్రాక్సీ_పాస్ లైన్ చివర ఉన్న ఒక్క స్లాష్ ఇదంతా తారుమారు చేయగలదు: పోర్టు తర్వాత స్లాష్ ఉంటే లొకేషన్‌లో సరిపోలిన భాగాన్ని తీసేసి ఆ స్లాష్‌ని పెడుతుంది, లేకపోతే వచ్చిన పాత్‌ని వచ్చినట్టే లోపలికి పంపుతుంది. మనకి కావాల్సింది రెండోది.

ఏ పద్ధతి ఎంచుకున్నా కోడ్‌లో పాత్‌ని చేత్తో రాసి ఉంటే అన్నీ వృథా. స్లాష్‌తో మొదలయ్యే లింకు బ్రౌజర్‌కి డొమైన్ మొదలే, యాప్ మొదలు కాదు. పేజీలు తయారుచేసే జేఎస్‌పీలో సీ:యూఆర్‌ఎల్, థైమ్‌లీఫ్‌లో @ గుర్తు లింకులు కాంటెక్స్ట్ పాత్‌ని వాటంతట అవే చేరుస్తాయి. జావా కోడ్‌లో ఎక్కువ మంది పడే గుంట ఇంకోటుంది: ఫార్వర్డ్ చేసేటప్పుడు (సర్వర్ లోపలే వేరే పేజీకి పంపేటప్పుడు) ఇచ్చే స్లాష్ యాప్ మొదటి నుంచి లెక్క, సెండ్‌రీడైరెక్ట్‌కి ఇచ్చే స్లాష్ సర్వర్ మొదటి నుంచి లెక్క. రూట్‌లో నడిపినంత కాలం రెండూ ఒకేలా పనిచేస్తాయి, /షాప్‌కి మార్చిన రోజే తేడా బయటపడుతుంది. రీడైరెక్ట్‌కి ముందు గెట్‌కాంటెక్స్ట్‌పాత్ తగిలించండి.

టామ్‌క్యాట్ కాకుండా వేరే జావా సర్వర్ల సంగతికొస్తే, జెట్టీలోనూ వార్ పేరు, ఎక్స్ఎంఎల్ ఫైల్ రెండు దారులూ ఉన్నాయి, అక్కడ ఎక్స్ఎంఎల్ లోపల రాసిన కాంటెక్స్ట్ పాత్ నిజంగానే చెల్లుతుంది. వైల్డ్‌ఫ్లైలో జేబాస్-వెబ్.ఎక్స్ఎంఎల్‌లోని కాంటెక్స్ట్-రూట్, గ్లాస్‌ఫిష్‌లో గ్లాస్‌ఫిష్-వెబ్.ఎక్స్ఎంఎల్‌లో అదే. వార్‌లని కలిపి కట్టే ఇయర్ ఫైల్‌గా కడితే అప్లికేషన్.ఎక్స్ఎంఎల్‌లో. వీటిలో చాలావరకు పాత్ వార్ లోపలే ఉండిపోతుంది, నాకు అది నచ్చదు, కానీ ఆ సర్వర్లు వాడేవాళ్లకి ఆ పద్ధతే అలవాటు.

ఇప్పటికే నడుస్తున్న యాప్ పాత్ మార్చేటట్టయితే పాతదాన్ని కూడా బతికించడానికి రెండో కాపీ లేపకండి. పాత పాత్ నుంచి కొత్తదానికి ప్రాక్సీలో రీడైరెక్ట్ పెట్టండి. బ్రౌజర్‌లో చూసే పేజీలకి 301 అనే శాశ్వత రీడైరెక్ట్ కోడ్ చాలు. ఫారాలు గానీ వేరే ప్రోగ్రాములు పంపే పోస్ట్ రిక్వెస్టులు గానీ ఉంటే 308 పెట్టండి, 301 తీసుకున్న క్లయింట్లు చాలావరకు పోస్ట్‌ని గెట్‌గా మార్చేసి డేటాని వదిలేస్తాయి. గూగుల్ లాగిన్ లాంటివి వాడుతుంటే అక్కడ నమోదు చేసిన రీడైరెక్ట్ అడ్రసులో కొత్త పాత్‌ని ముందే చేర్చి పెట్టుకోండి, అది అక్షరం అక్షరం సరిపోలాలి.