ప్రాక్స్‌మాక్స్ రెండేళ్ళు వాడాక: సరుకు మంచిదే, రేమ్ లెక్క మాత్రం మనమే చూసుకోవాలి

మాది బరంపురం అండీ, ఒడిశాలో ఉన్నాం గానీ గంట బస్సెక్కితే ఇచ్ఛాపురం, ఇంట్లో తెలుగు బజార్లో ఒడియా. పట్టుచీరల షాపులు, ఒకట్రెండు మందుల హోల్‌సేల్ వాళ్ళకి టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) సర్వర్లు చూసే పని నాది. ఒక్కో షాపులో ఒక్కో డొక్కు సీపీయూ పెట్టి అది కరెంటు పోయినప్పుడల్లా చస్తుంటే విసుగొచ్చి, సెకండ్ హ్యాండ్‌లో 64 జీబీ రేమ్ ఉన్న టవర్ సర్వర్ ఒకటి కొని దానిమీద ప్రాక్స్‌మాక్స్ వేశా, అంటే ఒకే డబ్బాలో చాలా వర్చువల్ మెషిన్లు (వీఎంలు) నడిపే సాఫ్ట్‌వేర్. అప్పటికి వెర్షన్ 7 నడుస్తోంది. ఫ్రీ, డెబియన్ లినక్స్ మీద కేవీఎం (వీఎంలని నడిపేది ఇదే), వియన్నా కంపెనీ వాళ్ళది, బ్రౌజర్‌లోనే అంతా అయిపోద్ది. లాగిన్ అయిన ప్రతిసారీ సబ్‌స్క్రిప్షన్ లేదు అని ఒక బాక్స్ వస్తుంది, ఓకే కొట్టి పోవడమే, అలవాటైపోయింది.

ఇన్‌స్టాల్, బ్యాకప్, స్నాప్‌షాట్ గురించి చాలామంది రాసేశారు, నేను రాయను. రేమ్ గురించే చెప్తా, ఎందుకంటే నన్ను రోడ్డు మీదకి లాగింది అదే, తప్పు పూర్తిగా నాదే.

ఏం చేశానంటే టాలీ విండోస్ సర్వర్‌కి 28 జీబీ రేమ్, మూడు విండోస్ 10 మెషిన్లకి తలా 8, ఫైల్ సర్వర్‌కి 8, మొత్తం 60. ఇంకా 4 మిగిలింది కదా అని మురిసిపోయా. డిస్కులకి జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ పెట్టా, డిస్క్‌లో చదివినవాటిని రేమ్‌లో దాచుకునే ఏఆర్‌సీ కాష్ దానికి ఒకటుంటుంది, ఆ పాత వెర్షన్లలో డిఫాల్ట్‌గా హోస్ట్ (అంటే అసలు సర్వర్) రేమ్‌లో సగం దాకా తింటుంది, అంటే 32. చుట్టాలకి విస్తళ్ళు వేసేసరికి ఇంటాయనే సగం గుండిగ ఖాళీ చేసేశాడన్నమాట. అడిగితే ఏఆర్‌సీ వెనక్కిస్తుంది, కాదనను, కానీ ఒక్కసారిగా అడిగితే అంత స్పీడుగా ఇవ్వదు.

మొదట్లో ఏమీ తెలీలేదు, ఎందుకంటే కేవీఎంలో ప్రతి వీఎం హోస్ట్ మీద ఒక మామూలు లినక్స్ ప్రాసెస్ అంతే, 28 అని రాసినా లోపలోడు ముట్టుకున్నంతే నిజంగా పోతుంది. మార్చి 31 సాయంత్రం అన్ని షాపులోళ్ళూ ఒకేసారి లెక్కలు మూస్తుంటే అందరూ ముట్టుకున్నారు. ఫోన్. "ఏటి బాబూ ఇది, బిల్లు కొడతంటే స్క్రీను నల్లబడిపోనాది" అని పెద్దాయన, వెనకాల గుమాస్తా "కొణొ హెలా, కొణొ హెలా" (ఏమైంది, ఏమైంది) అని అరుపులు. హోస్ట్ లాగ్ తీసి చూస్తే ఔట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్, పక్కన కేవీఎం. లినక్స్‌కి రేమ్ అయిపోతే మామూలుగా అందరికన్నా ఎక్కువ తినేవాణ్ణే చంపుతుంది, మన దగ్గర ఎక్కువ తినేది టాలీ సర్వరే కదా, దానిమీదే పడింది.

ఆ రాత్రి కూర్చుని ఏఆర్‌సీకి 8 జీబీ లిమిట్ పెట్టా. జెడ్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్ కాన్ఫ్ ఫైల్‌లో 8589934592 అని బైట్లలో రాయాలి, రూట్ డిస్క్ కూడా జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ అయ్యేప్పుడు మొదట లోడయ్యే ఫైల్) అప్‌డేట్ చేసి రీబూట్ కొట్టాలి, నేను అది మర్చిపోయి ఇంకో గంట తగలేశా. ప్రాక్స్‌మాక్స్ 8.1 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్ళకి ఏఆర్‌సీ డిఫాల్ట్ రేమ్‌లో 10 శాతమే, 16 జీబీ దాటదు, మీకు ఈ గొడవ లేదు.

తర్వాత బెలూనింగ్. ఇది నాకు బాగా నచ్చింది. వీఎంకి గరిష్ఠం 8, కనిష్ఠం 4 అని ఇస్తే, హోస్ట్ 80 శాతం దాటాక, లోపల కూర్చున్న బెలూన్ డ్రైవర్ మన మనిషిలాగా ఆ విండోస్‌నే రేమ్ అడిగి పట్టుకుని బయట మనకి వదులుతుంది. విండోస్‌లో వర్ట్‌ఐఓ డ్రైవర్లు (వీఎంల కోసం చేసినవి), బెలూన్ సర్వీస్ వేయకపోతే ఇదంతా ఉత్తదే. నేనైతే టాలీకి బెలూన్ పెట్టను, డేటా ఉన్న మెషిన్ కాష్ లాక్కుంటే షాపులో బిల్లు నత్తలా నడుస్తుంది, దానికి 20 ఫిక్స్ చేసీసాను.

కేఎస్‌ఎం అని ఇంకోటుంది, రేమ్‌లో ఒకేలా ఉన్న పేజీల్ని (చిన్న ముక్కల్ని) కలిపేసి ఒక్క కాపీ ఉంచుతుంది, ఎవరైనా అందులో రాస్తే అప్పుడు విడగొడుతుంది. నా మూడు విండోస్ 10 ల మీద సమ్మరీ పేజీలో 3 జీబీ దాకా కలిసినట్టు చూశా. ఊరికే వచ్చిందే గానీ వేరేవేరే కస్టమర్ల మెషిన్లు ఒకే డబ్బాలో ఉంటే ఆపేయడం మేలు, పక్కోడి మెమరీలో ఏముందో టైమింగ్ బట్టి ఊహించే దాడులున్నాయి, ఇలాంటి సాఫ్ట్‌వేరే చేసే వీఎంవేర్ వాళ్ళు కూడా అందుకే 2014 లో వీఎంల మధ్య షేరింగ్ డిఫాల్ట్‌గా ఆపేశారు.

మైక్రోసాఫ్ట్ వాళ్ళ హైపర్-వీ వాడిన ఫ్రెండ్ ఒకడు నవ్వుతాడు, వాడి దాంట్లో రేమ్ లేకపోతే వీఎం స్టార్టే అవదు, మొహం మీద చెప్పేస్తుంది. ప్రాక్స్‌మాక్స్ అలా కాదు, 64 ఉన్న చోట అన్ని వీఎంలకీ కలిపి 90 రాసినా నోరు మెదపదు. అందుకే ఒక స్టార్ కోశా, 5 కి 4. క్రియేట్ చేసే స్క్రీన్లోనే మొత్తం ఇంత రాశావు, ఉన్నది ఇంత అని ఎర్రగా ఒక లైన్ చూపిస్తే ఏం పోయింది?

ఇప్పుడు టాలీ 20, మూడు విండోస్‌లకి గరిష్ఠం 8 కనిష్ఠం 4, ఫైల్ సర్వర్ 4, ఏఆర్‌సీ 8, అందరూ ఫుల్లుగా తిన్నా 56, మిగతా 8 హోస్ట్‌కి. మొన్న మందుల షాపాయన ఇంకో మెషిన్ కావాలన్నాడు, ముందు రేమ్ కొనిపించండి మామయ్యగారూ అని చెప్పా, ఇంకా ఆలోచిస్తున్నాడు.